గోదారి నీరు తీశాక నెల రోజులు: ఇంటికి జబ్బు రాకుండా ఎలా చూసుకోవాలి

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. గోదారి పాయల మధ్య ఉండే లంకల్లో ఈ మూడు అంకెలు చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. మొదటి హెచ్చరిక వినగానే బియ్యం బస్తాలు అటకెక్కిస్తాం, గొడ్లను ఏటిగట్టు మీదికి తోలతాం, పట్టాదారు పాస్‌పుస్తకం ప్లాస్టిక్ కవర్లో చుట్టి పైన పెడతాం. 1986 ఆగస్టులో మా పెద్దవాళ్లు చేసింది ఇదే, 2022 జులైలో మేం చేసిందీ ఇదే. వరద వచ్చేటప్పుడు ఏం చేయాలో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

నీరు తీశాక ఏం చేయాలో మాత్రం అంత బాగా తెలియదు. ఎర్రనీరు వాకిట్లోంచి వెళ్లిపోగానే గండం గడిచిందనుకుంటాం. కానీ ఆ నీటితో వచ్చిన బ్యాక్టీరియా ఒక్కోటి ఒక్కో గడువు పెట్టుకుని వస్తుంది. కలరా అయితే కొన్ని గంటల నుంచి ఐదు రోజుల్లోపు బయటపడుతుంది. ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ఎక్కువగా 5 నుంచి 14 రోజులకు, ఒక్కోసారి నెలకు. టైఫాయిడ్‌కు సాధారణంగా వారం, రెండు వారాలు పడుతుంది, అదీ నెల దాకా వెళ్లొచ్చు. అంటే వరద వార్తలు పేపర్లో ఆగిపోయాక మన ఇంట్లో జ్వరం మొదలవుతుంది. అప్పటికి ఆ జ్వరానికీ వరదకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

అందుకే మొదటి పని ఇది. వంటింట్లో వేలాడే క్యాలెండర్ మీద మీ ఇంట్లోకి నీరు వచ్చిన రోజు, తీసిన రోజు పెన్నుతో గుర్తు పెట్టండి. ఇంట్లో ఎవరెవరు ఆ నీళ్లలో నడిచారో, ఎవరి కాలికి దెబ్బ ఉందో పక్కనే రాయండి. నీరు తీసిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టి, ఆ రోజు చుట్టూ ఒక సున్నా చుట్టండి. ఆ సున్నా దాటేదాకా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా డాక్టరుతో మొదట చెప్పాల్సిన మాట "ఫలానా తేదీన వరద నీళ్లలో దిగాను" అని. డాక్టరు ఆ తేదీ నుంచి లెక్కపెట్టుకుంటారు. ఏ పరీక్ష రాయాలన్నది చాలావరకు ఆ లెక్కమీదే తేలుతుంది.

నీళ్ల సంగతి

ఎక్కువ సమయం దీనికే పెట్టండి. కలరా, టైఫాయిడ్, రక్త విరేచనాలు, ఈ మూడూ మలం నుంచి నోటికి చేరే జబ్బులే. వరదలో మరుగుదొడ్ల గుంటలు, మురుగు కాలువలు, పశువుల కొట్టాలు, మన నుయ్యి అన్నీ ఒకే నీటిలో కలిసిపోతాయి. నీరు తీశాక నూతిలో మిగిలింది ఆ కలిసిన నీరే. తేరుకుని తేటగా కనిపించినా సరే, అది తాగేది కాదు.

మొదట నూతిలో నీరంతా మోటారుతో తోడించండి. అడుగున పేరుకున్న ఒండ్రు తీయించండి. మనిషి లోపలికి దిగాల్సి వస్తే గాలి ఆడుతోందో లేదో చూసుకోండి, పైన ఇద్దరు ఉండగానే దిగాలి. పెట్రోలు, డీజిల్ ఇంజన్ ఎట్టి పరిస్థితుల్లోనూ నూతిలోకి దించకండి. దాని పొగకే మనుషులు పడిపోతారు. వరల లోపలి గోడలను బ్లీచింగ్ కలిపిన నీళ్లతో రుద్దించి, ఆ నీటిని కూడా తోడేయండి. తర్వాత ఊటను ఊరనివ్వండి.

ఇప్పుడు బ్లీచింగ్ పౌడర్ ఎంత వేయాలి? ఇక్కడే అందరం పొరపాటు పడతాం. గుప్పెడు తీసి నూతిలోకి విసిరేసి చేతులు దులుపుకుంటాం. లెక్క చాలా సులువు. నూతి వ్యాసం అడుగుల్లో కొలవండి. ఆ అంకెను దానితోనే గుణించండి. వచ్చినదాన్ని నీటి లోతు అడుగులతో, ఆ తర్వాత 22తో గుణించండి. నూతిలో ఎన్ని లీటర్లున్నాయో వచ్చేస్తుంది. నాలుగడుగుల వరల నుయ్యి, పదడుగుల నీరు అనుకుందాం. నాలుగు నాలుగులు పదహారు, పది పెట్టి గుణిస్తే 160, దాన్ని 22తో గుణిస్తే 3,520 లీటర్లు.

మామూలు రోజుల్లో మంచి బ్లీచింగ్ పౌడర్ వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు సరిపోతుంది. వరద తర్వాత మట్టి, చెత్త ఆ పౌడర్‌లో బ్యాక్టీరియాను చంపే క్లోరిన్‌ను తినేస్తాయి కాబట్టి 5 గ్రాములు వేసుకోండి. పై నూతికి 18 గ్రాములు. కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద తూయించి, కాగితంలో పొట్లం కట్టి తెచ్చుకోండి. ఇంతేనా అనిపిస్తుంది. ఇంతే.

తెచ్చిన పొడిని పొడిగానే వేయకండి. ప్లాస్టిక్ బకెట్లో కొంచెం నీటితో ముద్దలా కలిపి, ముప్పావు బకెట్ దాకా నీళ్లు పోసి బాగా తిప్పండి. పది నిమిషాలు కదపకుండా వదిలేస్తే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటిని వేరే బకెట్లోకి వంచుకోండి. క్లోరిన్ ఉన్నది అందులోనే. అడుగున మిగిలిన సున్నాన్ని గోతిలో పారేయండి. నూతిలో వేస్తే నీళ్లకు కాఠిన్యం పెరుగుతుంది తప్ప లాభం లేదు. తేట ఉన్న బకెట్‌ను తాడుతో నీటి మట్టం కిందికి దించి, పైకీ కిందికీ, పక్కలకూ గట్టిగా ఆడించండి. రాత్రి భోజనాలయ్యాక ఈ పని చేస్తే పొద్దున్నకు నీళ్లు సిద్ధంగా ఉంటాయి. తక్కువలో తక్కువ గంటసేపు మాత్రం ఎవరూ చేద వేయకూడదు.

పని జరిగిందో లేదో చూసుకోవాలి కదా. ఆశా కార్యకర్త దగ్గరో, పంచాయతీలోనో క్లోరిన్ చూసే చిన్న కిట్ ఉంటుంది. నీటిలో చుక్కలు వేసి వచ్చిన రంగును పక్కనున్న రంగులతో పోల్చాలి. గంట తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే మంచిది. ఏమీ మిగల్లేదంటే మురికి ఇంకా ఉందని, మళ్లీ వేయాలని అర్థం. బ్లీచింగ్ మూట తెరిచి చెమ్మలో ఉంచితే దాని బలం పోతుంది. ముక్కుకు ఘాటు తగలని పొడితో ఎంత శ్రమపడినా ఉపయోగం లేదు. ఇంకో పరీక్ష ఉంది, హెచ్‌టూఎస్ సీసా అంటారు. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా ఉన్న నీరు నల్లగా మారుతుంది. ఆ నల్లటి సీసా ఒక్కసారి చూసినవాళ్లు ఇంకెప్పుడూ నీళ్లు కాచకుండా తాగరు. క్లోరిన్ ఉన్న నీటికి మాత్రం ఈ పరీక్ష సరిగా చెప్పదు, కాబట్టి బ్లీచింగ్ వేయకముందే పట్టి ఉంచండి.

నాకు బాధ కలిగించే విషయం ఒకటి చెప్పాలి. వరద తర్వాత మన వీధుల్లో రోడ్డుకు రెండు వైపులా ముగ్గు గీసినట్టు బ్లీచింగ్ చల్లుతారు. ఫొటోలో తెల్లగా కనిపిస్తుంది, ఊరు శుభ్రమైపోయినట్టు మనసుకు ధైర్యం వస్తుంది. పొడి నేల మీద గీసిన ఆ గీత కలరానూ ఆపదు, టైఫాయిడ్‌నూ ఆపదు. అదే పొడి తూకం వేసి ఊరి ట్యాంకులోనూ, నూతుల్లోనూ వేస్తే ఊరంతటికీ ఉపయోగం. ఈసారి మీ వీధిలో ఎవరైనా చల్లుతుంటే ఆగి అడగండి, ట్యాంకులో వేశారా, ఎంత వేశారు, తర్వాత ఎవరు చూశారు అని.

కుళాయి నీళ్లు వాడేవాళ్లకు వేరే చిక్కు ఉంది. మన డెల్టాలో పైపులు చాలాచోట్ల మురుగు కాలువను దాటుకుంటూనే వస్తాయి. సరఫరా ఆగిన గంటల్లో పైపులో ఒత్తిడి పోతే, కన్నం ఉన్నచోట బయటి మురుగు లోపలికి లాగేసుకుంటుంది. నీళ్లు వదిలిన మొదటి కొన్ని నిమిషాలు బయటికి పోనివ్వండి. ఆ తర్వాత పట్టిన నీటిని కూడా ఈ నెల రోజులూ కాచే తాగండి. తెరలు తెరలుగా మరిగాక ఇంకో నిమిషం ఉంచి దించితే చాలు. చల్లార్చడం ఆ గిన్నెలోనే చల్లార్చండి. పటిక తిప్పినా, చిల్లగింజ అరగదీసి కలిపినా మట్టి అడుగుకు దిగుతుంది కానీ బ్యాక్టీరియా చావదు. కాబట్టి ముందు పటికతో తేర్చి, ఆ తర్వాత కాచండి. గ్యాస్ లేనిచోట క్లోరిన్ బిళ్ళలు వాడండి. ఒక్కో రకం ఒక్కో బలంతో వస్తుంది, ఎన్ని లీటర్లకు ఎన్ని బిళ్ళలో అట్ట మీద చదివి వేసి, అరగంట ఆగండి.

కాచిన నీటిని కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ములో పోసి మూత పెట్టండి. డ్రమ్ము లేకపోతే బిందెకు పొడుగు కాడ ఉన్న గరిటె పెట్టండి. గ్లాసుతో పాటు వేళ్లు కూడా ముంచే అలవాటు వల్ల కాచిన కష్టమంతా బూడిదలో పోసినట్టవుతుంది.

విరేచనాలు మొదలైతే

మా ముసలివాళ్లు కలరా అనేవాళ్లు కాదు, మరిడి అనేవాళ్లు. పెద్దాపురంలో మరిడమ్మ తల్లి జాతర ఆషాఢంలోనే వస్తుంది, గోదారికి ఎర్రనీరు వచ్చే రోజుల్లోనే. ఆ జబ్బుకు కారణం విబ్రియో కలరే అనే బ్యాక్టీరియా అని రాబర్ట్ కాక్ 1884 ప్రాంతంలో ఈజిప్టులోనూ కలకత్తాలోనూ పనిచేసి చూపించాడు. అది మనిషిని చంపే తీరు తెలుసుకుంటే వైద్యం కూడా అర్థమవుతుంది. కలరా బ్యాక్టీరియా పేగును కొరికి పుండు చేయదు. ఒక విషాన్ని వదులుతుంది. ఆ విషం తగిలిన పేగు కణాలు ఒంట్లోని ఉప్పును, దానితో పాటు నీటిని ఆపకుండా బయటికి తోడేస్తాయి. బియ్యం కడిగిన నీళ్లలా విరేచనం అవుతుంది. తీవ్రంగా ఉంటే గంటకు లీటరు నీరు పోవచ్చు. కానీ అదే పేగులో ఇంకో దారి చెక్కుచెదరకుండా ఉంటుంది. చక్కెర, ఉప్పు కలిసి వస్తే ఆ దారి తెరుచుకుని నీటిని లోపలికి లాక్కుంటుంది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు, అంటే ఓఆర్ఎస్, పనిచేసేది ఆ దారిలోనే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఈ ద్రావణం కలిపించి తాగించారు. అలా వేలమంది బతికారు.

కాబట్టి ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను పూర్తిగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపండి. సగం ప్యాకెట్, సగం గ్లాసు లెక్కలు వద్దు. ఒక రోజు దాటితే పారబోసి కొత్తది కలపండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, గోపురంలా కాకుండా సమంగా గీసింది. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు పిల్లలకు పావు నుంచి అర గ్లాసు, పదేళ్ల లోపు వాళ్లకు అర నుంచి ఒక గ్లాసు, పెద్దవాళ్లకు ఎంత తాగితే అంత. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచా చెంచాగా పట్టండి. తల్లిపాలు ఆపకూడదు. పిల్లలకు డాక్టరు ఇచ్చే జింక్ బిళ్ళలు విరేచనాలు తగ్గినా సరే 14 రోజులు వేయాలి.

కొబ్బరిబోండం సంగతి కోనసీమలో చెప్పకపోతే ఎలా? మన ఇంట్లో ఎవరికి నీరసమొచ్చినా మొదట చెట్టువైపే చూస్తాం. బోండం నీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. విరేచనాల్లో ఎక్కువగా పోయేది సోడియం. కాస్త కడుపు పాడైనప్పుడు ఓఆర్ఎస్‌కు తోడుగా బోండం తాగితే మంచిదే, దాని బదులుగా తాగితే మాత్రం సరిపోదు. ఉప్పు వేసిన గంజి ఇంకా మేలు. కూల్‌డ్రింకులు అసలు వద్దు.

కళ్లు లోపలికి పోయినా, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, మనిషి మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం పడినా ఇంట్లో కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. పడవలో తీసుకెళ్లాల్సి వచ్చినా దారి పొడవునా ఓఆర్ఎస్ పడుతూనే ఉండండి.

బురదలోకి దిగేముందు

లెప్టోస్పైరా మెలికలు తిరిగిన సన్నటి బ్యాక్టీరియా. ఎలుకలు, పందికొక్కుల మూత్రపిండాల్లో కాపురం ఉండి, వాటి మూత్రంతో నీళ్లలోకి, బురదలోకి వస్తుంది. పొలాలు మునిగితే కలుగుల్లోని ఎలుకలన్నీ మెరక వెతుక్కుంటూ మన ఇళ్లకే వస్తాయి. పగిలిన కాలి మడమ, ఒరుసుకుపోయిన వేలి సందు, కంటిలో పడిన చుక్క, దానికి ఏ దారైనా చాలు. తడిబురదలో వారాల తరబడి బతుకుతుంది. ఎండ తగిలి ఆరితే చస్తుంది.

ఇల్లు కడిగేటప్పుడు రబ్బరు బూట్లు, చేతి తొడుగులు వేసుకోండి. బూట్లు దొరక్కపోతే దెబ్బ ఉన్నచోట తడి తగలని ప్లాస్టరు అంటించి, పైన పాలిథిన్ కవరు కట్టుకోండి. ముందు బురదంతా నీళ్లతో, సబ్బుతో కడగండి, ఆ తర్వాతే బ్లీచింగ్ నీళ్లు. లీటరుకు 30 గ్రాములు. బురద మీదే పోస్తే దాని బలమంతా బురదకే పోతుంది. బాత్రూములు కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. కడిగాక తలుపులు, కిటికీలు బార్లా తీసి ఎండ పడనివ్వండి. సాయంత్రం కాళ్లు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, వేళ్ల సందులు ఆరనివ్వండి. ఊడుపులకు వెళ్లేవాళ్లకు ఈ చివరి మాట మరీ ముఖ్యం.

మా వీధిలో ఒక కుర్రాడికి నీరు తీసిన తొమ్మిదో రోజు జ్వరం వచ్చింది. పిక్కలు పట్టుకుంటే కేక పెట్టేవాడు. నాలుగు రోజులు బురద ఎత్తాడు కదా, కాళ్లు లాగుతున్నాయన్నారు ఇంట్లోవాళ్లు. దగ్గర్లో ఒకాయన రెండు పూటలా నొప్పుల ఇంజెక్షన్ చేశాడు. ఐదో రోజుకు కళ్లలో ఎర్రజీరల మధ్య పసుపు తేలింది, మూత్రం బాగా తగ్గిపోయింది. పెద్దాసుపత్రిలో మూడు వారాలుండి ఇంటికొచ్చాడు. వరద తర్వాత గట్టి జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం, ఈ మూడూ కలిస్తే మొదట అనుమానించాల్సింది లెప్టోస్పైరోసిస్‌నే. నొప్పి మాత్రలు, నొప్పి ఇంజెక్షన్లు అసలే దెబ్బతింటున్న కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే వేసి పీహెచ్‌సీకి వెళ్లండి. మొదటి రోజుల్లో రక్త పరీక్షలో దొరకకపోవచ్చు, అందుకే మంచి డాక్టర్లు ఫలితం కోసం ఆగకుండా అనుమానం మీదే మందు మొదలుపెడతారు.

ఆ మందు చాలాసార్లు డాక్సీసైక్లిన్. టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల నుంచి వచ్చింది. మట్టిలో బతికే ఒక బ్యాక్టీరియా నుంచి దాన్ని తీసినవాడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనలకు డైరెక్టరుగా ఉన్నది 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంగతి ప్రతి గోదావరి పిల్లకూ, పిల్లవాడికీ తెలియాలని నా కోరిక. బురదలో తప్పనిసరిగా పనిచేసేవాళ్లకు ముందుజాగ్రత్తగా వారానికోసారి డాక్సీసైక్లిన్ ఇస్తుంటారు. అది డాక్టరు చెబితేనే వేసుకోవాలి. గర్భిణులు, చిన్నపిల్లలు సొంతంగా అస్సలు వేసుకోకూడదు.

మేకు గుచ్చుకున్నా, రేకు కోసుకున్నా ధనుర్వాతం ఇంజెక్షన్ చేయించుకోండి. ఆ బ్యాక్టీరియా ఉండేది తుప్పులో కాదు, మట్టిలో. కాబట్టి వెదురు ముల్లు గుచ్చుకున్నా లెక్క ఒకటే. పశువులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే వేయించి ఉండాలి.

రెండో వారం తర్వాత వచ్చే జ్వరం

టైఫాయిడ్ జ్వరం మెట్లెక్కినట్టు రోజుకు కొంచెం పెరుగుతుంది. తలనొప్పి, ఆకలి లేకపోవడం, కడుపులో నొప్పి, కొందరికి మలబద్ధకం, కొందరికి విరేచనాలు. మూడు రోజులకు మించి జ్వరం ఉంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష, చేయించమని అడగండి. టైఫాయిడ్‌కు మామూలుగా చేసే వైడల్ రక్త పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరానికీ, వేరే జ్వరాలకూ కూడా అది పాజిటివ్ చూపించగలదు. కల్చర్‌లో టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫై బ్యాక్టీరియా దొరికితే దానికి ఏ మందు పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. ఒకప్పుడు బాగా పనిచేసిన సిప్రోఫ్లాక్సాసిన్‌కు మన దేశంలో ఈ బ్యాక్టీరియా చాలావరకు లొంగడం మానేసింది. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి తెచ్చుకున్న రెండు రోజుల బిళ్ళలు ఇలాంటి బ్యాక్టీరియానే పెంచుతాయి. డాక్టరు రాసిన కోర్సు జ్వరం తగ్గినా చివరి బిళ్ళ దాకా వేసుకోవాలి. జ్వరం తగ్గుతోందనుకుంటున్న మూడో వారంలో కడుపు నొప్పి ఒక్కసారిగా ఎక్కువైతే పేగుకు కన్నం పడి ఉండొచ్చు. అప్పుడు ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి.

టైఫాయిడ్‌కు టీకా ఉంది. ఆరు నెలలు దాటిన పిల్లలకు వేసే కాంజుగేట్ టీకా ఏటా మునిగే లంకల్లో ఉన్నవాళ్లు వేయించుకోవడం మంచిదని నేను గట్టిగా అనుకుంటాను. వరదల కాలానికి ముందే, వేసవిలో పిల్లల డాక్టరును అడగండి.

జ్వరం నయమైనవాళ్ల మలంలో ఆ బ్యాక్టీరియా ఇంకా కొన్ని వారాలు ఉండొచ్చు, కొద్దిమందిలో ఏడాదికి పైగా కూడా. అలాంటివాళ్లు మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో గోళ్ల సందులు కూడా రుద్ది కడుక్కోవాలి. పెళ్లి వంటలకు వెళ్లేవాళ్లు, హోటల్లో పనిచేసేవాళ్లు, అంగన్‌వాడీలో వండేవాళ్లు అయితే మల పరీక్ష చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే మళ్లీ గరిటె పట్టుకోవాలి.